బట్టీ పట్టిన పన్నెండు మాటలు

ఆసుపత్రిలో ఆ కుర్చీలో కూర్చోబెట్టగానే మా నాన్న ముందు అడిగేది, దీనికి సేఫ్టీ వాల్వు ఎక్కడుందని. ఇరవై ఆరేళ్ళు బాయిలర్ పక్కన నిలబడ్డ మనిషి. శబ్దం చేసే యంత్రం ఏదైనా సరే, లోపల ఒత్తిడి పెరుగుతుందనీ, అది బయటికి పోవడానికి ఒక దారి ఉండి తీరాలనీ ఆయన నమ్మకం. ఇందులో ఆవిరి ఉండదు, ఇది ఉత్త అయస్కాంతం అని అక్కడి టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పేది. నాన్న తల ఊపేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు.

ఆ గదికి కిటికీ లేదు. చప్పుడు బయటికి పోకుండా తలుపుకి లోపలివైపు మెత్తటి గుడ్డ అతికించారు. వాచీ, తాళాలు, ఫోన్లు, నడుం బెల్టు, ఇనుప ముక్క ఉన్నదేదైనా బయట ట్రేలో వదిలి రావాలి. నాన్న తలకి బిగుతుగా ఒక గుడ్డ టోపీ తొడిగి, దాని మీద ముందే పెన్నుతో పెట్టిన గుర్తు దగ్గర అయస్కాంతపు తీగచుట్టను ఆనిస్తారు. రెండు పెద్ద గాజుల్ని పక్కపక్కన అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. తర్వాత తల కదపకూడదు. టకటకమని కొడుతుంది, ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. ఇరవై నిమిషాలు. వారానికి అయిదు రోజులు, నాలుగు వారాలు. నేను గోడవార స్టూలు మీద కూర్చునేదాన్ని. చెవుల్లో దూది పెట్టుకున్నా ఆ చప్పుడు పళ్ళలో తెలిసేది.

పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగున్నర నెలలు. చెయ్యీ కాలూ రెండు నెలల్లో దారికొచ్చాయి. జ్ఞాపకం మాత్రం చిల్లుకుండ అయింది. పాతవన్నీ పదిలం. ఏ వాల్వు ఏ సంవత్సరంలో కారిందో, కారకుండా ఏ తాడు కూరి బిగించాడో అంతా చెబుతాడు. కొత్తది ఏదీ నిలవదు. భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంకా వడ్డించలేదేమని అమ్మ మీద చిరాకు పడేవాడు. రెండుసార్లు తిన్నా ఒంటపట్టదేమిటో అని అమ్మ అనేది, నవ్వుతూనే. ఆ నవ్వు ఎంతసేపుండేదో నాకు తెలుసు.

మెదడులో దెబ్బతిన్న చోటు చుట్టూ ఇంకా బతికున్న కణాలుంటాయనీ, అయస్కాంతంతో వాటిని తట్టి లేపి చూస్తామనీ డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు, ముందే చెప్పలేం అన్నారు. చివర్లో ఒక మాటన్నారు: "యంత్రం ఒక్కటే చాలదు. ఇంట్లో కూడా మెదడుకి పని చెప్పండి."

ఆ మాటని నేను ఎలా అర్థం చేసుకున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్న పనిచేసేది పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల తువ్వాళ్ళు రోజూ బండ్లలో వచ్చి పడతాయి. ఉతకడానికీ, ఆరబెట్టడానికీ, ఇస్త్రీకీ అన్నిటికీ ఆవిరి కావాలి. ఆ ఆవిరి మా నాన్న బాయిలర్‌ది. ఆ గదిని అందరూ బట్టీ అంటారు. బట్టీకి వెనక రెండు గదులు మావి. బాయిలర్ మనిషి ఏ వేళప్పుడైనా పిలిస్తే పలకాలి కాబట్టి ఆ గదులు ఉద్యోగంతోపాటు వస్తాయి, ఉద్యోగంతోపాటే పోతాయి. మా పడకగది గోడ బాయిలర్ గది గోడే. ఎప్పుడు చెయ్యి పెట్టినా జ్వరం వచ్చిన ఒంటిలా ఉంటుంది. బట్టీకి అవతలి పక్క దుప్పట్లు మడతపెట్టే హాలు. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. మా అమ్మ బల్ల సరిగ్గా బట్టీ గోడకి ఆనుకుని ఉంటుంది.

నేను ఆ బట్టీలోనే చదువుకున్నాను. మా వంశంలో మొదటి డిగ్రీ నాదే. హాలులో ఆడవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవరు, డిగ్రీ అంటారు. డిగ్రీ వచ్చింది, డిగ్రీకి జలుబు చేసింది, అలాగ. నాన్నకి అంకెలూ, బాయిలర్ పుస్తకంలో రాసే నాలుగు మాటలూ తప్ప చదువు రాదు. అయినా నా పుస్తకం చేతిలో పట్టుకుని ఒప్పజెప్పించుకునేవాడు. గొంతు ఎక్కడ తడబడితే అక్కడ తప్పన్నట్టు లెక్క. నిజంగానే అక్కడ తప్పుండేది. నాకు అర్థమైంది తక్కువ, నోటికి వచ్చింది ఎక్కువ. మీ నాన్నది ఒక బట్టీ, నీది ఒక బట్టీ అని అమ్మ వెక్కిరించేది. పరీక్ష అంటే ముందుగా చదివి వెళ్ళేది అని తప్ప ఇంకో అర్థం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

వైద్యం మొదలుపెట్టే ముందు నాన్నకి ఒక పరీక్ష పెట్టారు. టెక్నీషియన్ పన్నెండు మాటలు నిదానంగా చదివింది. గొడుగు, మేకు, కాలువ, దిండు, గంట, నిచ్చెన, ఉప్పు, కిటికీ, గుర్రం, తాళం, చెంబు, మబ్బు. ఇరవై నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, ఇందాకటి మాటలు చెప్పమంది. నాన్న మూడు చెప్పాడు. నాలుగోది పంపు అన్నాడు, అది ఎవరూ ఇవ్వని మాట. పన్నెండుకి మూడు అని ఆవిడ రాసుకుంది. ప్రశ్నలు అడుగుతోంది కాబట్టి నాన్న ఆ రోజు నుంచి ఆవిడని టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎవరో గుర్తులేని రోజున కూడా ఆ పిలుపు మాత్రం వచ్చేది.

నేను ఆ పన్నెండు మాటలూ మందుల చీటీ వెనక రాసుకున్నాను. దాచిపెట్టి రాయలేదు, ఆవిడ ఎదురుగానే రాశాను. ఇంటి దగ్గర మెదడుకి పని చెప్పమన్నారు కదా. పాఠం ఇచ్చారు, చదివించాలి. నాకు తోచింది అంతే.

నాలుగు వారాలు చదివించాను. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు, బస్సులో, భోజనం దగ్గర. మాటలు విడివిడిగా నిలవడం లేదని ఒక కథ అల్లాను. ఒకాయన గొడుగు వేసుకుని మేకు కొట్టబోయి కాలువలో పడ్డాడు, దిండు తడిసింది, గంట కొట్టి నిచ్చెన తెప్పించారు, అలా మబ్బు దాకా. ఆ కాలువలో పడ్డవాడు తప్పకుండా మీ నాన్న తరపు వాడే అయ్యుంటాడు అని అమ్మ అనేది. మొదటి వారం కాలువ దాటలేదు. రెండో వారం ఉప్పు దాకా వచ్చాడు. మూడో వారంలో ఒకరోజు, కథ ఎప్పుడు విన్నాడో గుర్తులేకుండానే, చెప్పులు తొడుక్కుంటూ పన్నెండూ గడగడా చెప్పేశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు నా రిజల్టు వచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

లాండ్రీ మేనేజరు పెట్టిన గడువు నాన్న పడిపోయినప్పటి నుంచి ఆరు నెలలు. ఈలోపు బాయిలర్ పనికి పనికొస్తాడని డాక్టరు ఉత్తరం తెస్తే నాన్న ఉద్యోగం నాన్నదే. లేకపోతే కొత్త మనిషి వస్తాడు, ఆ గదుల్లో వాళ్ళ సామాను దిగుతుంది. గడువు ఇంకో పద్ధెనిమిది రోజులుందనగా రెండో పరీక్ష పెట్టారు.

టీచరమ్మ మాటల పట్టీ తీసి, గొడుగు అని మొదలుపెట్టింది. అదే పట్టీ. నాన్న పన్నెండుకి పదకొండు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. డాక్టరు గారిని పిలిచింది, ఆయన ఇంకో ఇద్దరు చిన్న డాక్టర్లని పిలిచారు. ఇంత మార్పు తాను చూడలేదన్నారు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, టీచరమ్మ బాగా చెప్పిందండీ అన్నాడు. అందరూ నవ్వారు. ఈ వారం మిగిలిన సిట్టింగులు అయిపోగానే, వచ్చే సోమవారం ఉత్తరం ఇచ్చేస్తానని డాక్టరు గారు మాటిచ్చారు. నేను చెయ్యెత్తి, ఈ పాఠం మేం ఇంట్లో చదివామండీ అని చెప్పాల్సింది అప్పుడే. చెప్పకూడదని అనుకోలేదు. అంతమంది మొహాల్లో వెలుగు చూస్తే, చదివించడం వల్లనే కదా ఈ గుణం అనిపించింది. నమ్మాలనుకున్నదాన్ని మనిషి తొందరగానే నమ్ముతాడు.

శుక్రవారం మధ్యాహ్నం నాన్నకి టిఫిన్ డబ్బా పట్టుకుని బట్టీకి వెళ్ళాను. నాన్న పడిపోయినప్పటి నుంచి బాయిలర్ చూస్తున్నది ఆయన బదులు పెట్టిన మనిషి, మాకు చుట్టం కాకపోయినా బాబాయి అంటాను. ఉత్తరం వస్తోందని తెలిసి, ఆయన నాన్నని పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళేసరికి బాబాయి లేడు. పది నిమిషాలు చూస్తుండు అన్నా అని టీకి వెళ్ళాడట. నాన్న స్టూలు మీద కూర్చుని పుస్తకంలో రాస్తున్నాడు. మొహం కళకళలాడుతోంది.

బాయిలర్ ముందు వేలు లావు గాజు గొట్టం ఒకటి నిలువుగా ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతున్నాయో అందులో కనిపిస్తుంది. అరగంటకోసారి చూసి పుస్తకంలో రాయాలి, తగ్గితే పంపు వెయ్యాలి. నీళ్ళు లేకుండా మంట మండితే ఏమవుతుందో నాకు పలక పట్టని వయసులోనే చెప్పారు. నేను పుస్తకంలోకి చూశాను. రెండున్నర, సగం అని రాసి ఉంది. దాని కింద మళ్ళీ రెండున్నర, సగం. దాని కింద ఇంకోసారి. అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. గాజులో చూశాను. అడుగున బొటనవేలంత ఎత్తున నీళ్ళున్నాయి. చూస్తుండగానే కాస్త దిగాయి.

పంపు వేశావా అని అడిగాను. "ఇప్పుడే వేశా కదే, కనబడటంలా?" అన్నాడు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. పంపు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

అప్పుడే బాబాయి వచ్చాడు. గాజు వంక చూసి, వెళ్ళి పంపు వేసి, నీళ్ళు సగానికి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. నాన్న లేచి ఆయన్ని పట్టుకుని దులిపేశాడు. బాయిలర్ వదిలేసి టీకి పోతావా, నీకు బుద్ధుందా, గాజులో నీళ్ళు పూర్తిగా మాయమైతే ముందు ఏం చెయ్యాలో చెప్పు చూద్దాం, పంపు వేస్తావా? వెయ్యకూడదు, ముందు మంట ఆపాలి, కాలిన ఇనుము మీద చల్లనీళ్ళు పడ్డాయంటే గోడలు మిగలవు. ఒక్క ముక్క తప్పు లేదు. గోడవతల ఆడవాళ్ళు విని కిసుక్కుమన్నారు. చింత చచ్చినా పులుపు చావలేదని మా అమ్మ గొంతు వినిపించింది, గర్వంగా.

బాబాయి నన్ను గుమ్మం దాకా సాగనంపాడు. "పాపా, బాయిలర్ గురించి మీ నాన్నకి తెలియనిది లేదు. వేశాడో లేదో ఒక్కటే తెలియదు," అన్నాడు. నేను ఎవరికైనా చెబుతానేమోనని చూశాడో, చెప్పాలని చూశాడో నాకు అంతుపట్టలేదు.

ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ మడతపెడుతున్న దుప్పటి ఆపలేదు. ఉత్తరం రానీ అంది. వచ్చాక నేనే పక్కన కూర్చుంటాను, అరగంటకోసారి వచ్చి చూసిపోతాను అంది. హాలులో మడతపెట్టేదెవరు అంటే ఇంకో దుప్పటి అందుకుంది. తర్వాత మెల్లగా అంది: "ఆయన మొహం చూశావా ఈ వారం? మళ్ళీ మా ఆయనలా ఉన్నాడు. నువ్వు చదువుకున్నదానివి, నీకు తోస్తుంది. నన్ను మాత్రం అడక్కు."

శని, ఆదివారాలు మా రెండు గదుల్లోనే ఉన్నాను. ఉతికిన దుప్పట్ల వాసన, గోడ వేడి, గోడవతల మంట హోరు. చెబితే నాన్న పనీ, అమ్మ ఇల్లూ నా నోటితోనే పోతాయి. చెప్పకపోతే ఆ గోడకి అటుపక్క నలభై మంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నాకు మాత్రం నాలుగు పక్కలా గోడలే ఉన్నట్టుంది. నాన్న మధ్యమధ్యలో వచ్చి సోమవారం ఎప్పుడని అడుగుతున్నాడు. బాయిలర్ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, నీళ్ళెంత అని. జవాబే అరగంటకోసారి మారుతుంది. నేను నాన్నకి నేర్పింది మారని జవాబు.

సోమవారం నాన్నని వరండాలో కూర్చోబెట్టి, టీచరమ్మతో మొత్తం చెప్పాను. చీటీ తీసి చూపించాను. ఆవిడ దాన్ని తన పట్టీ పక్కన పెట్టి చూసింది. తిడుతుందనుకున్నాను.

"తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మాయ్," అంది. "ఒకే పట్టీ రెండుసార్లు వాడకూడదు. కానీ మన భాషలో నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఇంకోటి ఎవరూ తయారుచెయ్యలేదు."

వైద్యం వల్ల నాన్నకి ఏమైనా మేలు జరిగిందా అని అడిగాను. జరిగి ఉండొచ్చు, కొలిచే కర్రనే మనం సాగదీశాం కాబట్టి ఇప్పుడు చెప్పలేను అంది. తర్వాత ఒక తెల్లకాగితం నా ముందు పెట్టింది. ఇంకో పన్నెండు మాటలు రాయమంది. తను రాస్తే పుస్తకం మాటలు వస్తాయట. తెలియని మాట ఇచ్చి గుర్తులేదనడం అన్యాయం. మీ నాన్నకి బాగా తెలిసిన మాటలు, కానీ ఆయన పనికీ ఇంటికీ ముడిపడనివి, ఒకదానికొకటి అతకనివి రాయి అంది.

నేను వరండా బెంచీ మీద నాన్న పక్కనే కూర్చుని రాశాను. మంట, పంపు, గొట్టం, పొగ అని రాస్తే నాన్న కళ్ళు మూసుకుని పన్నెండూ చెబుతాడు. ఆవిడ పట్టించుకోకపోవచ్చు కూడా. పెన్ను ఆ వైపే లాగింది. నేను దువ్వెన అని రాశాను. వంతెన, పావురం, సబ్బు. లాండ్రీ మనిషికి సబ్బు ఏమిటని కొట్టేసి బొంగరం అని రాశాను. ఉత్తరం, బొత్తాం, రైలు, మిరపకాయ, గడ్డపార, దీపం, బంతి, చాప. నా కన్నతండ్రి పరీక్ష తప్పడానికి ప్రశ్నపత్రం రాయడం అంత తేలిగ్గా అయిపోతుందని నాకు తెలియదు. ఏం రాస్తున్నావమ్మడూ అని నాన్న అడిగాడు. లెక్కలు అన్నాను.

టీచరమ్మ ఆ మాటలు నాన్నకి చదివింది. ఇరవై నిమిషాలు ఆయనతో కబుర్లు చెప్పింది. సేఫ్టీ వాల్వు సంగతి కూడా వచ్చింది. తర్వాత, ఇందాక చదివిన మాటలు చెప్పండి అంది. నాన్న గొంతు సవరించుకున్నాడు. గొడుగు, మేకు, కాలువ, దిండు, గంట, నిచ్చెన, ఉప్పు, కిటికీ, గుర్రం, తాళం, చెంబు, మబ్బు. ఒక్కటీ తప్పలేదు, ఎక్కడా ఆగలేదు. చెప్పి, నేను మెచ్చుకుంటానేమోనని నా వైపు చూశాడు.

కొత్త పట్టీలో ఆయన చెప్పినవి సున్నా.

డాక్టరు గారు కోప్పడ్డారు. నా మీద కొంత, టీచరమ్మ మీద కొంత. పదకొండు అనే అంకెని అప్పటికే ఎక్కడో రాసుకున్నారట, కొట్టెయ్యాలి. తర్వాత నెమ్మదించి, అన్నిసార్లు చెబితే ఏదో ఒకటి లోపల నిలుస్తోందంటే అది తీసిపారేసేది కాదు, సిట్టింగులు ఇంకో విడత చూద్దాం అన్నారు. ఉత్తరం రాసిచ్చారు. బాయిలర్ దగ్గరా, మంట దగ్గరా ఒంటరిగా పని చెయ్యకూడదు. ఎవరైనా తోడుండగా తేలిక పని చెయ్యొచ్చు. సంతకం.

వరండాలో నాన్న అడిగాడు, ఏమన్నారని. ఉన్నదున్నట్టు చెప్పాను. గాజులో నీళ్ళు బొటనవేలంత ఉన్నాయని, పుస్తకంలో మూడుసార్లు సగం అని రాశావని కూడా చెప్పాను. "అలాంటివాణ్ణి నేనైతే గేటులోపలికే రానివ్వను. మంచి పని చేశావు," అన్నాడు నాన్న. నాకు ఊపిరి ఆడింది.

బస్సెక్కాక మళ్ళీ అడిగాడు. నవ్వుతూ, ఆశగా. మళ్ళీ చెప్పాను. ఈసారి కోపం వచ్చింది. ఎవరు చెప్పారు వాళ్ళకి అన్నాడు. నేనే అన్నాను. ఇరవై ఆరేళ్ళ అన్నం ముద్ద ఒక్క మాటతో లాగేశావే అని, కిటికీ వైపు తిరిగిపోయాడు. మూడు స్టాపులు దాటాక ఇటు తిరిగి, ఏమన్నారమ్మడూ డాక్టరు గారు అన్నాడు. మొహంలో కోపం జాడే లేదు. మూడోసారి చెబితే, వేళాకోళం చాలించమని నా నెత్తి మీద మొట్టాడు.

పాసయ్యావు నాన్నా అంటే సరిపోతుంది. దిగేదాకా నవ్వుతూ కూర్చుంటాడు. ఎవరికీ నష్టం లేదు, ఉత్తరం నా సంచిలో ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే రేపు పొద్దున లాండ్రీ సైరన్ కూయగానే లేచి, చొక్కా వేసుకుని, బట్టీ వైపు నడుస్తాడు. ఎంత గుర్తులేకపోయినా ఆ దారి ఆయన కాళ్ళకి తెలుసు.

లాండ్రీ గేటు దగ్గర షిఫ్టు మారుతోంది. హాలు ఆడవాళ్ళందరూ బయటికి వస్తున్నారు. అమ్మ నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పకుండానే ఎదురొచ్చింది. నన్ను చూడగానే తెలిసిపోయింది ఆవిడకి. నాన్న అందర్నీ చూసి హుషారుగా, గట్టిగా అడిగాడు: "చెప్పవే డిగ్రీ, ఏమన్నారు డాక్టరు గారు?"

అమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడొద్దు, ఇందరిలో వద్దు. కానీ నాన్న మరిచిపోయినా ఈ నలభై మందికీ గుర్తుంటుంది.

"బాయిలర్ పని ఇక నీకు వద్దన్నారు నాన్నా," అన్నాను. "వాళ్ళకి చెప్పింది నేనే."

నాన్న నా వంక చూస్తున్నాడు. ఏమంటాడోనని నేను ఆయన మొహాన్నే చూస్తూ నిలబడ్డాను.